ఎడారిలో మా అమ్మ ఏమి త్రాగును?

మన తెలుగు పరిశుద్ధ గ్రంథములో "అరణ్యము" అను మాట అనేక పర్యాయములు కనబడుచున్నది. ఇశ్రాయేలీయులు నలువది సంవత్సరములు అరణ్యములో తిరిగిరి. బాప్తిస్మమిచ్చు యోహాను అరణ్యములో ప్రకటించెను. మన ప్రభువు అరణ్యములో నలువది దినములు ఉపవాసముండెను. ఈ మాట విన్నప్పుడెల్ల పచ్చని కోనసీమలో పుట్టిన మనకు తోచునది పెద్ద అడవి. గ్రంథము చెప్పునది ఎడారి.

ఈ సంగతి నాకు ఒక వేసవిలో బాగుగా తెలిసినది. మా సంఘపు సెలవుల బైబిలు బడిలో మొదటి దినమున హాగరు కథ చెప్పి, ఆమె అరణ్యములో తిరుగుచున్నట్లు బొమ్మ గీయుడని పిల్లలకు కాగితములిచ్చితిని. ఇరువదిముగ్గురు పిల్లలలో ఇరువదియిద్దరు చెట్లు గీసిరి. ఒకడు మామిడిచెట్టు గీసి కాయలు కూడ వ్రేలాడదీసెను. ఒకడు పొదచాటున పులిని పెట్టెను. ఒక్క చిన్నది మాత్రము కాగితమంతయు ఖాళీగా విడిచి, నడుమ ఒక స్త్రీని గీసెను.

నేను ఆ కాగితమును పైకెత్తి, "ఇదిగో, ఇదే సరియైన బొమ్మ. ఎడారి యనగా ఏమియు లేని చోటు. నీళ్లుండవు, చెట్లుండవు, ఊళ్లుండవు. ఇసుకయు ఒంటెలును తప్ప మరేమియు లేదు" అని గట్టిగా చెప్పితిని. అంతటితో ఊరకుండక, ఇద్దరు మగపిల్లలమీద దుప్పటి కప్పి ఒంటెను చేసి బడియంతయు నడిపించితిని. పిల్లలు విరగబడి నవ్విరి. నవ్వు అణగిన తరువాత ఆ చిన్నది లేచి నిలువబడి, "మాస్టారండీ, అక్కడ నీళ్లే లేకపోతే మా అమ్మ ఏం తాగుతుందండీ?" అని అడిగెను.

అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది. ఆ పిల్ల తల్లి రెండు సంవత్సరముల క్రిందట కువైటు దేశమునకు ఇంటిపనికి వెళ్లెను. పిల్ల అమ్మమ్మ యొద్ద పెరుగుచున్నది. మా గోదావరి జిల్లాలనుండియు కడప జిల్లానుండియు ఆలాగు వెళ్లిన తల్లులెందరో కలరు. ఈ సంగతి ఎరిగియుండియు, తల్లియున్న దేశమును ఏమియు లేని చోటని ఆ బిడ్డ యెదుట చెప్పితిని. నాకు ఉత్తరము తోచలేదు. ప్రార్థన చేసి బడి ముగించితిని.

ఆ సాయంకాలము మా సంఘములోని ఒక సహోదరి యింటికి వెళ్లితిని. ఆమె పదకొండు సంవత్సరములు కువైటులో పనిచేసి తిరిగి వచ్చినది. జరిగినది చెప్పగా ఆమె నవ్వి, "మీరు చెప్పింది మోషేగారి కాలంనాటి ఎడారండి మాస్టారూ. నేనున్నది మూడంతస్తుల మేడలోనండి. పేరుకి ఎడారిదేశం గాని, నేను ఇసుక తొక్కింది తక్కువ, నేల తుడిచింది ఎక్కువ" అనెను. పిమ్మట ఆమె చాల సంగతులు చెప్పెను. నేనును పుస్తకములు వెదకి చదివితిని. మిగిలిన అయిదు దినములును పిల్లలకు ఆ దేశమును గూర్చియే చెప్ప నిశ్చయించుకొంటిని.

రెండవ దినమున ఆ బిడ్డ ప్రశ్నకే ఉత్తరము చెప్పితిని. కువైటులో ఎల్లప్పుడు పారు నది ఒక్కటియు లేదు. పూర్వము కొలది బావులుండెను. ఊరు పెరిగిన కొలది అవి చాలలేదు. అప్పుడు ఓడలవారు ఉత్తరమునకు పోయి షట్టల్ అరబ్ అను నదిలో మంచినీరు నింపుకొని వచ్చి అమ్ముచుండిరి. ఆ నీరు తోలుతిత్తులలో, గాడిదల మీద, వీధులకు వచ్చుచుండెను. ఆ నది ఏ నదులు కలిసి ఏర్పడినదో తెలియునా అని అడిగి, నేనే చెప్పితిని: హిద్దెకెలు, యూఫ్రటీసు. ఆదికాండము రెండవ అధ్యాయములోని ఏదెను నదుల పేర్లు మా పిల్లలు కంఠస్థము చేసియుండిరి. వెంటనే ఒకడు, "అయితే వాళ్లు ఏదెను నీళ్లు తాగారండీ!" అని కేక వేసెను.

1938లో ఆ దేశమున బుర్గాన్ అనుచోట భూమిలో నూనె కనుగొనబడినది. 1946లో మొదటి ఓడ ఆ నూనెతో బయలుదేరెను. ఆ ధనముతో వారు మొదట చేసిన గొప్ప పనులలో ఒకటి నీటిపని. సముద్రపు నీటిని ఆవిరిగా చేసి, ఆ ఆవిరిని చల్లార్చి మంచినీరుగా మార్చు పెద్ద కర్మాగారమును 1953లో నడిపించిరి. నేటికిని ఆ దేశస్థులు త్రాగు నీరు చాలవరకు సముద్రమునుండి తీసినదే. ఇది మాటలతో చెప్పిన చాలదని, గిన్నెలో ఉప్పునీరు పోసి పొయ్యిమీద పెట్టి మూత వేసితిని. కాగిన తరువాత మూత తీసి, దాని లోపలి చుక్కలను చల్లారనిచ్చి వేలితో తీసి నాకి చూడుడంటిని. ఉప్పు లేదు! పిల్లలు ఆశ్చర్యపడిరి. ఆ చిన్నది రెండుసార్లు నాకి చూచి, "మా అమ్మ తాగేది ఇవేనాండీ?" అని అడిగెను. ఇవే అంటిని. ఆమె మరేమియు అనక తన చోటికి పోయి కూర్చుండెను.

మూడవ దినమున సముద్రమును గూర్చి చెప్పితిని. ఎడారి దేశమని మనము చెప్పుకొను కువైటు పూర్వము సముద్రముమీదనే బ్రదికినది. వారి ఓడలకు కావలసిన టేకు మన మలబారు తీరమునుండి వెళ్లుచుండెను. బస్రా ఖర్జూరపు పండ్లతో ఆ ఓడలు మన దేశపు రేవులకు వచ్చుచుండెను. వ్యాపారము చాలవరకు మనతోనే గనుక మన రూపాయియే అక్కడ చెలామణి అయ్యెను. 1959లో గల్ఫు దేశములకని మన రిజర్వు బ్యాంకు వేరుగా రూపాయి నోట్లు అచ్చువేసెను. 1961లో వారి స్వంత దినారు వచ్చినది. వారు మిక్కిలి ఇష్టముగా తిను చేపకు జుబైదీ అని పేరు. అది మరేదియో కాదు, మన చందువ. ఇది విన్నప్పుడు పల్లెకారుల పిల్లవాడొకడు, తన తండ్రియే ఆ దేశమునకు చేప పంపినంత గర్వముగా చుట్టును చూచెను.

ఆ సముద్రములోనే ముత్యములుండెను. ప్రతి సంవత్సరము వేసవి నాలుగు నెలలు వందలాది పడవలు ముత్యముల కొరకు వెళ్లుచుండెను. మునుగువాడు ముక్కుకు పట్టుకారు వంటిది తగిలించుకొని, మెడకు బుట్ట వ్రేలాడదీసికొని, రాయి కట్టిన త్రాటిని కాలికి ఆనించుకొని అడుగునకు దిగును. పడవమీద నొకడు మరియొక త్రాడు పట్టుకొని యుండును. క్రిందివాడు త్రాడు లాగిన వెంటనే పైవాడు వానిని పైకి లాగవలెను. ఊపిరి బిగబట్టుడని చెప్పి నేను అంకెలు లెక్కపెట్టితిని. ముప్పది దాటకముందే చాలమంది నోరు తెరచిరి. ఆ మనుష్యులు నిమిషమునకు పైగా, దినమునకు పెక్కుమారులు, ఆలాగు మునుగుచుండిరి. అయినను వారిలో చాలమంది పడవ యజమానికి అప్పుపడియే యుండిరి. తండ్రి అప్పు కుమారునిమీద పడుటయు కలదు. జపానులో మనుష్యులు పెంచిన ముత్యములు అంగళ్లకు వచ్చిన తరువాత, 1930 ప్రాంతమున ఆ వృత్తి కూలిపోయెను.

అమూల్యమైన ముత్యమును కొన్న వర్తకుని ఉపమానము మీద నేను ఎన్నో ప్రసంగములు వింటిని. నేనును చెప్పితిని. కాని ఆ ముత్యమును పైకి తెచ్చినవాని ఊపిరిని గూర్చి ఆ దినము వరకు ఒక్కసారియైనను తలంచలేదు. అప్పుచేసి ప్రయాణపు ఖర్చులు కట్టి, ఆ అప్పు తీర్చుటకే మొదటి సంవత్సరము పాటుపడు మన ఆడబిడ్డలు నాకు జ్ఞాపకము వచ్చిరి. వారికిని త్రాడు పట్టుకొని యుండువారు కావలెను. వారు లాగినప్పుడు మనము ఇక్కడ నిద్రపోవుచుండకూడదు.

నాలుగవ దినమున గుడారములోనికి వెళ్లితిమి. బెదూయినులనబడు ఎడారి సంచారుల గుడారము మేకవెండ్రుకలతో నేసినది, నల్లనిది. దానిని నేయువారు స్త్రీలు. లోపల ఒక తెర కట్టి పురుషుల చోటు, స్త్రీల చోటు వేరుచేయుదురు. ఆ నేతకు సదూ అని పేరు. 2020లో యునెస్కో సంస్థ దానిని కాపాడుకొనదగిన ప్రపంచ విద్యలలో చేర్చెను. నిర్గమకాండములో ప్రత్యక్షపు గుడారము మీద వేసిన తెరలును మేకవెండ్రుకలవే, వాటిని వడికినవారును స్త్రీలే. దేవుడు తన ప్రజలమధ్య నివసింపనెంచినప్పుడు వారు ఎరిగిన యిల్లే తనకును కావలెననెను.

ఆ గుడారమునకు వచ్చినవానికి మొదట కాఫీ యిత్తురు. అది మన కాఫీ వంటిది కాదు. పాలు లేక, ఏలకులు వేసి కాచిన పలుచని కాఫీ. పిడిలేని చిన్న గిన్నెలో కొంచెము పోసి కుడిచేతితో అందింతురు. చాలునని తెలుపుటకు గిన్నెను ఇటునటు కదిలించి యియ్యవలెను. లేనియెడల మరల పోయుచునే యుందురు. అతిథిని మూడు దినములవరకు ఏ పనిమీద వచ్చితివని అడుగకూడదని వారి పూర్వాచారము. ఎండవేళ గుడారపు ద్వారమున కూర్చున్న అబ్రాహాము ముగ్గురు బాటసారులను చూచి పరుగెత్తిన సంగతి చెప్పితిని. పిల్లలు కొబ్బరిచిప్పలలో బెల్లపునీళ్లు పోసికొని ఒకరికొకరు అతిథులైరి. చిప్ప కదిలించుట మరచినట్లు నటించి నాలుగుసార్లు త్రాగినవారును కలరు.

ఒంటెను గూర్చి నేను మొదటి దినమున నవ్వించితిని గనుక ఇప్పుడు సత్యము చెప్పవలసి వచ్చెను. దాని మూపురములో నీళ్లుండునని చాలమంది అనుకొందురు. అందులో నున్నది క్రొవ్వు. ఇసుకగాలి వీచునప్పుడు అది ముక్కు రంధ్రములు మూసికొనగలదు. కన్నులకు రెండు వరుసల వెండ్రుకలు కలవు. మిక్కిలి దప్పిగొన్న ఒంటె పది పదిహేను నిమిషములలో నూరు లీటర్ల నీరు త్రాగగలదు. అప్పుడు రిబ్కాను తలంచుకొంటిమి. ఆమె పది ఒంటెలకు నీళ్లు చేదిపోసెను. అవి అంత దప్పితో నుండినయెడల వేయి లీటర్లు! పదునైదు లీటర్ల బిందెతో ఎన్ని బిందెలని లెక్క కట్టిరి. అరువదియారు బిందెలు దాటెను. చెరువునుండి నీళ్లు మోయు ఆడపిల్లలు ఒకరి ముఖములొకరు చూచుకొనిరి. రిబ్కా ఎంత దయగలదో నేను ఏ ప్రసంగములోను వారికి అంత బాగుగా చెప్పియుండలేదు.

అయితే మీ తల్లులు గుడారములలో లేరని కూడ చెప్పితిని. నేడు కువైటువారు ఇంచుమించు అందరును పట్టణములలోనే యున్నారు. చలికాలమున మాత్రము సరదాకు ఎడారిలో గుడారములు వేసికొని కొన్నాళ్లు గడుపుదురు. వాన కురిసినచో ఇసుకలో ఫగా అను ఒకవిధమైన పుట్టగొడుగులు పెరుగును. వాటిని త్రవ్వి తెచ్చుకొని వండుకొందురు. ఎండలు మాత్రము కఠినము. 2016వ సంవత్సరము జూలై 21న ఆ దేశములోని మిత్రిబా అనుచోట 53.9 డిగ్రీల వేడి కొలవబడినది.

అయిదవ దినమున పిల్లలను గూర్చి చెప్పితిని. ఇక్కడనే నాకు కష్టము వచ్చినది. రంజాను నెల నడుమ రాత్రులలో కువైటు పిల్లలు గుంపులుగా కూడి, మెడలో సంచులు తగిలించుకొని, పాటలు పాడుచు ఇంటింటికి తిరుగుదురు. ఇంటివారు వారి సంచులలో మిఠాయిలు, పప్పులు పోయుదురు. దీనికి గిర్గియాన్ అని పేరు. మన పిల్లలు క్రిస్మసు కాలమున పాటలు పాడుచు ఇల్లిల్లు తిరుగునట్లే గదా అని నేను సంతోషముగా చెప్పుచుంటిని. ఆ చిన్నది తల వంచుకొని, "చిన్నపిల్లలు రాత్రిపూట ఒక్కరే వెళ్తారాండీ?" అని అడిగెను. ఇంటిలోని పెద్దలెవరైనను, పనిచేయువారైనను చెయ్యి పట్టుకొని తోడు వెళ్లుదురంటిని. "అయితే మా అమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకునే ఉంటుంది" అని ఆమె యేడ్చెను.

తల్లి పనిచేయు ఇంటిలో అయిదేండ్ల ఆడపిల్ల కలదట. ఆ పిల్లకు తల దువ్వునది, అన్నము తినిపించునది, నిద్రపుచ్చునది ఈమె తల్లియే. ఫోనులో ముఖము చూచుకొని మాటలాడునప్పుడు ఒకటి రెండుసార్లు ఆ పిల్ల వెనుకనుండి వచ్చి ఆమె మెడ కౌగిలించుకొనుట ఈ బిడ్డ చూచినది. ఈమెకు ఎడారిమీద భయము లేదు, ఒంటెలమీద కోపము లేదు. ఆ పిల్లమీద కోపము. కాగితము ఖాళీగా విడిచిన కారణము నాకు అప్పుడు తెలిసినది. ఆ దేశములో తన తల్లి తప్ప మరెవ్వరును ఉండకూడదని ఆమె కోరుచుండెను.

దీనికి నేనేమి చెప్పగలను? ఆ పిల్లను ప్రేమింపుమని ఆజ్ఞాపించుట సులభము. తల్లి చెయ్యి తనకు దూరమైన బిడ్డతో ఆ మాట చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆమె ప్రక్కను కూర్చుండి, "అమ్మా, నీ దుఃఖము దేవునికి తెలియును" అని మాత్రమంటిని. ఆ రాత్రి నిద్రపట్టక ఆదికాండము పదునారవ అధ్యాయము మరల చదివితిని.

కడపటి దినమున హాగరు కథ రెండవసారి చెప్పితిని. హాగరు పరదేశపు ఇంటిలో పనిచేసిన స్త్రీ. ఆమెను కష్టపెట్టినది అన్యులు కారు, విశ్వాసులకు తల్లియైన శారయి. పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని దాచలేదు గనుక, పనివారిని బాధించు పాపము ఏదో ఒక దేశమువారిదని మనము చెప్పుకొనరాదు. కువైటులో మన ఆడబిడ్డలను కన్నకూతురువలె చూచిన ఇండ్లు కలవు. జీతము బిగబట్టి ఏడిపించిన ఇండ్లును కలవు. 2015లో ఆ దేశము 68వ చట్టము చేసి, ఇంటిపనివారికి వారమునకు ఒక దినము సెలవు, సంవత్సరమునకొక నెల జీతముతో సెలవు, దినమునకు పండ్రెండు గంటలకు మించని పని నియమించెను. పంపువారును వెళ్లువారును ఇది తెలిసికొని యుండవలెను. మన ఇండ్లలోను పొలములలోను పనిచేయువారికి మనమేమి నియమించితిమో కూడ ఆలోచింపవలెను.

శారయియు అబ్రామును మాటలాడిన మాటలలో "దాసి" అను మాటయే గాని హాగరు పేరు కనబడదు. అరణ్యములో నీటిబుగ్గ యొద్ద యెహోవా దూత ఆమెను మొదట పేరుపెట్టి పిలిచెను. ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి పోవుచున్నావు అని అడిగెను. అప్పుడామె, తన్ను చూచువాడు ఈ దేవుడని ఎరిగి, ఆయనకు ఆ పేరే పెట్టెను. ఆమె పెట్టిన పేరునుబట్టియే ఆ బావికిని పేరు వచ్చినది. ముస్లిములును హాగరును తమ తల్లిగా ఎంచుదురు. మక్కా యాత్రికులు, బిడ్డకు నీళ్లకై ఆమె పరుగెత్తిన జ్ఞాపకార్థము, రెండు గుట్టల నడుమ ఏడుమారులు నడతురు. నీ తల్లి పనిచేయు ఇంటివారికిని ఈ తల్లి కథ తెలియునని ఆ చిన్నదానితో చెప్పితిని.

ఆ దేశములో సంఘమును కలదని కూడ చెప్పితిని. 1912లో ఎలినోరు కాల్వర్లీ అను వైద్యురాలు మిషనెరీగా కువైటునకు వచ్చి, పురుష వైద్యుని యొద్దకు రాని స్త్రీలకు చికిత్స చేసెను. ఆ మిషను ఆసుపత్రి 1967వరకు నడిచినది. దాని కట్టడము నేటికిని నిలిచియున్నది. కువైటు దేశస్థుడే యైన ఇమ్మానుయేలు ఘరీబు గారు 1999లో అక్కడి సువార్త సంఘమునకు పాదిరిగా అభిషేకింపబడిరి. శుక్రవారము అక్కడ సెలవు గనుక ఆ దినముననే అనేక భాషలవారు కూడి ఆరాధించుదురు. మా సహోదరి అక్కడ తెలుగులో పాటలు పాడినదట. ఇంటివారు వెళ్లనిచ్చిన శుక్రవారములలో.

తరువాత పిల్లలు వంతుచొప్పున చిన్న ప్రార్థనలు చేసిరి. ఆ చిన్నది వంతు వచ్చినప్పుడు కొంతసేపు ఊరకుండెను. పిమ్మట తల్లికొరకు ప్రార్థించి, ఆ అయిదేండ్ల పిల్లను పేరుపెట్టి, "దేవా, ఆ పిల్లను కూడా చూడు" అనెను. ముందు రాత్రి ఫోనులో తల్లిని అడిగి ఆ పేరు తెలిసికొన్నదట. ఆ పేరు మాకెవ్వరికిని నోరు తిరుగలేదు. ఆమెకు తిరిగినది. "ఆమేన్" అనుటకు ముందు కన్నులు గట్టిగా మూసికొని, "కాని మా అమ్మ క్రిస్మసుకి రావాలి" అని చేర్చెను.

తల్లి ఆ క్రిస్మసుకు రాలేదు. సెలవు దొరకలేదు. ఈ సంగతి దాచి ఈ వ్యాసము ముగించుట న్యాయము కాదు. ఆ పండుగనాడు ఆ బిడ్డ మా యింటిలో భోజనము చేసెను, ఎక్కువ మాటలాడలేదు. తల్లి మరుసటి వేసవిలో వచ్చి ఒక నెల యుండి తిరిగి వెళ్లినది. వెళ్లునప్పుడు ఆ బిడ్డ తల్లి సంచిలో ఒక కాగితము పెట్టెను. అందులో ఇద్దరు ఆడపిల్లలును, నడుమ ఒక బావియు ఉన్నవని అమ్మమ్మ నాకు చెప్పినది.

ప్రియ చదువరులారా, మన పిల్లలకు దూరదేశములను గూర్చి చెప్పునప్పుడు దుప్పటి ఒంటెతో నవ్వించి విడువకుడి. మనము ఖాళీగా నున్నదనుకొను ప్రతి చోటను దేవుడు పేరుపెట్టి ఎరిగిన మనుష్యులున్నారు. ఎడారియందు హాగరును చూచినవాడు, ఈ రాత్రి పరాయి వంటయింటిలో గిన్నెలు కడుగుచున్న మన సహోదరిని చూచుచున్నాడు. ఆమె తల దువ్వు బిడ్డను చూచుచున్నాడు. అమ్మమ్మ ప్రక్కన నిద్రపట్టక పొరలు బిడ్డను కూడ చూచుచున్నాడు. ఆయన చూచువారిని చూచుటకు మనకును మన పిల్లలకును ఆయన కన్నులు తెరచును గాక. ఆమేన్.